ముందు లింకు డాక్యుమెంట్లు చూడు

బుజ్జీ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ముగ్గురూ ఉద్యోగాలు మానేసి మాదాపూర్‌లో గది తీసుకున్నారనీ, టీవీకి తగిలించి ఆడే పాత కన్సోల్ ఆటల్ని పీసీ మీదికి తెచ్చే పని మొదలుపెడుతున్నారనీ తెలిసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. మీ నాన్న ఏమన్నా బెంగపడకు, ఆయనతో నేను మాట్లాడతాను. చిన్నప్పుడు మా ఇంట్లో నేల మీద బోర్లా పడుకుని నువ్వు ఆడిన ఆ పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2) కార్ల రేసు ఆటే మొదట తీసుకుంటామన్నావు. "అంతమంది అడుగుతున్నారు, పీసీ ఆటలమ్మే స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో వెతికితే లేదు, ఎందుకు పెట్టరో అర్థం కావట్లేదత్తా. పీసీలో పీఎస్2లా నటించే ఎమ్యులేటర్ మీద బాగానే నడుస్తోంది, నెల రోజుల్లో కోడ్ సంగతి తేల్చేస్తాం" అని రాశావు.

కోడ్ అప్పుడే ముట్టుకోకు.

ఘట్‌కేసర్ దగ్గర ప్లాటు చూసినప్పుడు మీ నాన్న ఏం చేశాడో గుర్తుందా? ఈసీ తీయించాడు, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించాడు. మధ్యలో ఒక వారసురాలి సంతకం లేదని తేలేసరికి అడ్వాన్సు జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. ప్లాటు కళ్ల ముందే ఉంది, కొనేవాడున్నాడు, అమ్మేవాడూ ఉన్నాడు. అయినా రిజిస్ట్రేషన్ జరగలేదు. నువ్వు స్టీమ్‌లో వెతికితే దొరకని పాత ఆటల్లో చాలావాటి పరిస్థితి అదే, హక్కుల కాగితాలు తేలవు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో కొనడానికి లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అవన్నీ కోడ్ రాసేవాళ్లు లేక ఆగిపోలేదు.

గోల్డెన్‌ఐ 007 అనే జేమ్స్ బాండ్ ఆట సంగతే చూడు. 1997లో నింటెండో 64 కోసం రేర్ సంస్థ చేసింది. 2002లో రేర్‌ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆట నింటెండో కోసం చేసింది, చేసిన సంస్థ మైక్రోసాఫ్ట్ చేతిలో ఉంది, జేమ్స్ బాండ్ హక్కులు సినిమావాళ్ల దగ్గరున్నాయి. ఉమ్మడి ఆస్తి అన్నమాట, అందరూ సంతకం పెట్టాలి. ఎక్స్‌బాక్స్ 360 కోసం దాన్ని కొత్త బొమ్మలతో దాదాపు పూర్తి చేశాక కూడా విడుదల చేయలేకపోయారు. ఆ పూర్తికాని ఆట 2021లో బయటికి పొక్కితే జనం చూశారు. చివరికి 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్ మీదా, నింటెండో స్విచ్ మీదా వచ్చింది. అంత పెద్ద సంస్థలకే పాతికేళ్లు పట్టింది, పీసీ దుకాణంలోకి అప్పుడు కూడా రాలేదు.

కాబట్టి మొదటి పని ఇది. ఆట డబ్బా కవరు వెనక, అట్టడుగున చీమల బారులా ఉండే అక్షరాలుంటాయి చూడు, అవి భూతద్దం పెట్టి చదువు. తీసినవాడెవరు, అమ్మినవాడెవరు, వీడియోలు నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరిది, కార్ల కంపెనీలు ఏవేవి, అన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత ఆట చివర్లో పేర్లు వస్తాయి కదా, అవి ఆపి ఆపి నోటుబుక్కులో రాసుకో. ముఖ్యంగా పాటల జాబితా ఒక్కటి కూడా వదలకుండా. ఒక్కో పేరు పక్కన మూడు గళ్లు గీయి: ఇప్పుడు ఆ హక్కు ఎవరిది, ఏ ఏడు దాకా ఇచ్చారు, ఏ యంత్రం మీద అమ్ముకోమని ఇచ్చారు. ఆ గళ్లు నిండేదాకా మీరు ముగ్గురూ కంపైలర్ తెరవొద్దు.

పేర్లు రాసుకుంటుంటే సగం కంపెనీలు ఇప్పుడు లేవని తెలుస్తుంది. అక్లెయిమ్ 2004లో దివాలా తీసింది, మిడ్‌వే 2009లో. టీహెచ్‌క్యూ 2012 డిసెంబరులో దివాలాకి వెళితే 2013లో ఆస్తులు ముక్కలు ముక్కలుగా వేలమయ్యాయి, ఒక్కో ఆట ఒక్కొక్కరికి పోయింది. దివాలా తీసినంత మాత్రాన ఆట అనాథ అయిపోయిందనుకోకు. ఎవరో కొనే ఉంటారు. కొన్నవాళ్లకే తమ దగ్గర అది ఉందని తెలియకపోవచ్చు, అదీ చూశాను.

నువ్వు ఎంచుకున్నది కార్ల ఆట, అందుకే నాకు ఎక్కువ భయం. కారు బొమ్మ పెట్టాలన్నా, దాని పేరు వాడాలన్నా కంపెనీ లైసెన్సు ఇవ్వాలి, అది కొన్నేళ్లకే ఇస్తారు. సెగా వాళ్ల అవుట్‌రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్ ఫెరారీ లైసెన్సు తీరిపోవడంతో దుకాణాల్లోంచి వెళ్లిపోయింది. పాతవే కాదు, 2018లో వచ్చిన ఫోర్జా హొరైజన్ 4ని కూడా ఇదే తరహా లైసెన్సులు ముగిసి 2024 డిసెంబరులో అమ్మకం నుంచి తీసేశారు. పాటలు ఇంకా కష్టం. అలన్ వేక్ 2017 మేలో పాటల లైసెన్సు తీరి అమ్మకం ఆగి, మళ్లీ 2018 అక్టోబరులో వచ్చింది. జీటీఏ 4లో పదేళ్లు నిండగానే 2018లో ఆటలోని రేడియోలోంచి చాలా పాటలు పీకేశారు. మెటల్ గేర్ సాలిడ్ 2, 3 ఆటల్లో వాడిన పాత చరిత్ర వీడియో ముక్కల లైసెన్సు పొడిగింపు కోసం 2021 నవంబరులో అమ్మకం ఆపి, 2023లో మళ్లీ తెచ్చారు.

ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి, నీకెప్పుడూ చెప్పలేదు. బేగంపేటలో పనిచేస్తున్న రోజుల్లో విదేశీ కంపెనీ ఒకటి తన పాత మోటార్‌సైకిళ్ల ఆటని పీసీకి మార్చమని మాకిచ్చింది. ఏడు నెలలు చేశాం. నేను టెస్టింగ్. మూడో ట్రాకులో వంతెన దిగే మలుపు దగ్గర గోడకి ఒక రకంగా తగిలితే బండి మాయమైపోయేది. బండీ లేదు, మనిషీ లేడు, ఖాళీ రోడ్డు కదులుతూ ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే మలుపు, అదే గోడ. పీఎస్2లో ఆ తప్పు లేదు. చివరికి మా లీడ్ పట్టుకున్నాడు. పీఎస్2 ప్రాసెసరు దశాంశ లెక్కల్లో "అనంతం" అనే విలువ ఉండదు, సున్నాతో భాగిస్తే తనకు తెలిసిన అతి పెద్ద సంఖ్య ఇచ్చి ఊరుకుంటుంది. పీసీ అలా కాదు, అనంతం ఇస్తుంది. అనంతంలోంచి అనంతం తీస్తే అది అసలు సంఖ్యే కాకుండా పోతుంది, ఆ విలువ బండి ఉన్న చోటుకి పాకి బండి తెర మీంచి ఎగిరిపోతుంది. పాత కోడ్ రాసినవాళ్లు తమకి తెలియకుండానే ఆ యంత్రం గుణం మీద ఆధారపడ్డారు. ఆ రోజు ఆఫీసులో అందరం లేచి చప్పట్లు కొట్టాం.

ఆట పూర్తయింది. దుకాణంలో పెట్టే తేదీ కూడా అనుకున్నారు. అప్పుడు ఆ కంపెనీ లాయరు పాత ఫైలు తెరిస్తే, మొదట మెనూలో వచ్చే పాట అగ్రిమెంటులో "ఈ ఒక్క కన్సోల్ మీద, ఐదేళ్లు" అని ఒకే ఒక్క లైను ఉంది. పాట కట్టినాయన చనిపోయాడు. ఇద్దరు పిల్లల్లో ఒకరు సరేనన్నారు, ఇంకొకరు ఉత్తరాలకి జవాబే ఇవ్వలేదు. ఆ పాట తీసేసి వేరేది పెడదామని మేమన్నాం, ఆట మొత్తం దాని తాళానికే కట్టారు, కంపెనీ ఒప్పుకోలేదు. ఆట ఇంతవరకూ రాలేదు. ఆ లైను మొదటి వారంలో చదివి ఉంటే పది మంది ఏడు నెలల కష్టం మిగిలేది. నాకది ఇప్పటికీ బాధే.

హక్కులన్నీ దొరికాయనుకో, అప్పుడు రెండో మాట అడుగు: సోర్స్ కోడ్, అంటే ఆట రాసిన అసలు కోడ్, ఉందా? "ఉంది" అంటే నమ్మకు, చూపించమను. 2002లో వచ్చిన కింగ్‌డమ్ హార్ట్స్‌ని 2013లో హెచ్‌డీ చేయబోతే అసలు డేటా పోయిందని తేలింది. అమ్మిన ఆటనే తవ్వి చాలా భాగం మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది స్క్వేర్ ఎనిక్స్ వాళ్లకి. దొరికిన కోడ్ అమ్మిన ఆటదేనా, అంతకు ముందు నెలల పాతదా అన్నది కూడా చూసుకో. బొమ్మల అసలు ఫైళ్లు, వాటిని మార్చే టూళ్లు, కోడ్‌ని ఆడే ఆటగా బిల్డ్ చేసే స్క్రిప్టు అన్నీ వేరు వేరుగా అడగాలి. బిల్డ్ అయిన రోజున అయ్యిందని నాకు ఫోన్ చెయ్యి, పోర్టు, అంటే ఆటని పీసీకి మార్చే పని, ఎంతకి ఒప్పుకోవచ్చో అప్పుడు మాట్లాడుకుందాం.

ఎమ్యులేటర్ మాట తీశావు. ఎమ్యులేటర్ రాయడం తప్పు కాదని అమెరికా అప్పీలు కోర్టు సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000లోనే చెప్పింది. కానీ కన్సోల్‌ని మొదలుపెట్టే బయాస్ కోడ్ సోనీదే, ఆట దాని యజమానిదే. ఎమ్యులేటర్‌లో చుట్టి అమ్మినా ఆట హక్కు కావాల్సిందే. దాంతో నీకు తగ్గేది పోర్టు పని ఒక్కటే.

యజమాని ఒక్కడే అయ్యి, అతను పీసీకి ఇవ్వనన్నాడనుకో, అక్కడితో ఆపెయ్. మీ నాన్నా నేనూ టీవీ గేమ్‌కి క్యాసెట్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న రోజుల్లో మాకు రెండే లోకాలు, కాంట్రా, మారియో. కాంట్రా కొనామీది, 2019లో కలెక్షన్‌గా స్టీమ్‌లోకి వచ్చేసింది. మారియో నింటెండోది, వాళ్లు తమ కన్సోల్ ఆటల్ని తమ యంత్రాల కోసమే ఉంచుకుంటారు. అక్కడ బతిమాలడం టైము దండగ.

ఇంకొకటి, మీ సొంత కాగితాల గురించి. మీరు పాటలు కొత్తగా కట్టించినా, బయటివాళ్లతో కోడ్ రాయించినా నోటిమాట మీద పోవద్దు. జీతం మీద కాకుండా బయటినుంచి చేయించుకుంటే రాసివ్వనంతవరకూ హక్కు చేసినవాళ్లదే. మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లనే లెక్క, ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే. 2012 సవరణ తర్వాత, రాసుకున్న నాటికి లేని అమ్మకపు పద్ధతికి, దాని పేరు పెట్టి రాసుకుంటే తప్ప ఆ హక్కు వర్తించదు. మోటార్‌సైకిళ్ల ఆట పాటలాంటి లైను ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరో మీ ఫైల్లో చదివి తల పట్టుకోకూడదు. మీ ముగ్గురి మధ్య కూడా రాసుకోండి. స్నేహితులం కదా అనుకోకు, ఒకరు రేపు అమెరికా వెళ్లిపోతే సంతకానికి ఎక్కడ వెతుకుతారు?

డబ్బు సంగతి టూకీగా. స్టీమ్ అమ్మకంలో 30 శాతం తీసుకుంటుంది, మిగిలిందాంట్లోంచి హక్కుదారులకి పోగా మీకు దక్కేది చూసుకో. ఆ లెక్కలో కారు కంపెనీలు పదీ, పాటలు ఇరవై ఉన్న ఆట మొదటి ఆటగా పనికిరాదనే నా అభిప్రాయం. కార్లు కల్పితమైనవీ, సంగీతం సొంత ఉద్యోగులు కట్టిందీ, యజమాని ఒక్కడే అయిందీ ఒకటి వెతుకు. అలాంటివి పీఎస్2 కోసం వచ్చినవాటిలో చాలా ఉన్నాయి, ఎవరూ అడగక పడి ఉన్నాయి. నీకిష్టమైనదాన్ని వదిలెయ్యమనడం లేదు. పోయిన ఆటలూ తిరిగొస్తాయి: మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అనే పోరాట ఆట డిజిటల్ దుకాణాల్లోంచి 2013లో పోయి, 2024లో స్టీమ్‌లో కూడా ప్రత్యక్షమైంది. నీ కార్ల ఆటకి నోటుబుక్కులో పేజీ తెరిచే ఉంచు, ఏడాదికోసారి ఆ గళ్లు మళ్లీ నింపు.

ఆదివారం ఇంటికి రా. అటక మీద నా పాత పీఎస్2 ఉంది, లెన్సు తుడిస్తే ఇంకా చదువుతుంది, పేర్లు ఆపి ఆపి ఇద్దరం రాసుకుందాం. డిస్కు ఒక్కటే తేవద్దు. అప్పట్లో మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నవి కాపీ డిస్కులు, వాటికి జిరాక్సు కవర్లు, ఆ చిన్న అక్షరాలు వాటి మీద అలుక్కుపోయి ఉంటాయి. ఎవరి దగ్గరైనా ఒరిజినల్ కవరు దొరుకుతుందేమో కనుక్కుని అది పట్టుకునిరా.

ఆశీస్సులతో,
అత్త