మాట్లాడని బాబు, ఇరవై ముఖాల పాచిక

అమ్మా, మీ ప్రశ్న చదివాను. అమెరికా వచ్చి ఆరు నెలలైనా మీ పన్నెండేళ్ల బాబు స్కూల్లో నోరు విప్పడం లేదు. ఆటిజం ఉందని హైదరాబాద్‌లోనే తేలింది. ఇప్పుడు తోటి పిల్లవాడెవరో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడదాం రమ్మంటున్నాడు, పంపాలా అని అడిగారు. తప్పకుండా పంపండి. మా వాడిదీ ఇదే పరిస్థితి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

పాచికలనగానే జూదమని భయపడకండి. 1974లో అమెరికాలోనే పుట్టిన కథల ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. పేదరాశి పెద్దమ్మ కథని అందరూ కలిసి అల్లుతున్నట్టే ఉంటుంది. "గుహ తలుపు మూసి ఉంది, ఏం చేస్తావు?" అని అడుగుతారు. పిల్లవాడు చెప్పి, ఆ పని కుదురుతుందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తాడు.

మా వాడికి లంచ్ టైమ్ కబుర్లంటే టెన్షన్. ఎప్పుడు మాట్లాడాలో, ఎదుటివాళ్లు ఎందుకు నవ్వారో అర్థమయ్యేది కాదు. ఈ ఆటలో తన వంతు ఎప్పుడో తెలుస్తుంది, సందేహమొస్తే పుస్తకంలో రూల్ ఉంటుంది. పని చెడితే పాచిక సరిగ్గా పడలేదంతే, ఎవరూ తప్పు పట్టరు. నాలుగో వారం "నా మాంత్రికుడికి భయమేస్తోంది, వెనక్కి వెళ్దాం" అన్నాడు. భయం అన్న మాట వాడి నోట వినడం నాకదే మొదటిసారి. అంతకుముందు నేను పక్కనే కూర్చుని "చెప్పు నాన్నా, చెప్పు" అని తొందరపెట్టేదాన్ని. అలా చేయకుండా ఉండాల్సింది.

కథలో ఏవి రాకూడదో ఆటకి ముందే మాట్లాడుకుంటారు, దాన్ని 'సెషన్ జీరో' అంటారు. దానికి మాత్రం మీరు వెళ్లండి. పెద్ద శబ్దాలు పడవని, మధ్యలో లేచి తిరుగుతాడని చెప్పండి. కొందరు బల్ల మీద ఎక్స్ అని రాసిన కార్డు పెడతారు. ఇబ్బందైతే తాకితే చాలు, కారణం అడక్కుండా ఆ సంగతి వదిలేస్తారు. మాటలు దొరకని పిల్లలకి అదెంత ఊరటో చూశాను.

ఇది వైద్యం కాదు, థెరపీ ఆపకండి. ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి స్కూలు తయారుచేసే చదువు ప్రణాళిక) కోసం పబ్లిక్ స్కూలుకి రాతపూర్వకంగా రాయండి, వాళ్లు చేసే పరీక్షలకి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. థెరపిస్టులే నడిపే ఆట కావాలంటే, సియాటిల్ ప్రాంతంలో మొదలైన 'గేమ్ టు గ్రో' అనే లాభాపేక్ష లేని సంస్థ గురించి చూడండి.

శనివారం పంపేటప్పుడు హెడ్‌ఫోన్స్, వేరుశనగ లేని చిరుతిండి సర్దండి. తిరిగొచ్చాక గుహలో ఏం దొరికిందో అడగండి.