మిల్లు మోటార్లకు సెన్సార్లు పెట్టబోయే మేనకోడలికి

తల్లీ,

సుల్తానాబాద్ రైస్ మిల్లులో మోటార్లకు వైబ్రేషన్ సెన్సార్లు బిగించి, మళ్లీ మళ్లీ వచ్చే గుర్తులను కంప్యూటర్‌తో పట్టించబోతున్నావని మీ అమ్మ ఫోను చేసింది. "మోటార్లకు నాడి చూస్తుందట అన్నయ్యా" అంది. సంతోషమూ వేసింది, రాత్రి నిద్రా పట్టలేదు.

ముందు నిద్ర పట్టనివ్వని సంగతి. చాలా మిల్లుల్లో బెల్టు గార్డులు ఒకసారి రిపేరుకు విప్పితే మళ్లీ ఎక్కవు, మూలన పడి ఉంటాయి. చున్నీతో మోటారు దగ్గరకు వెళ్లకు. జడ లోపలికి దోపుకో. సెన్సారు అతికించే ముందు మెయిన్ ఆపించి, ఫ్యూజులు తీయించి నీ దగ్గరే పెట్టుకో. నవ్వకు, చెప్పినట్టు చెయ్యి.

మిగతావి నీకు తెలిసినవే. సెన్సారు రేకు కవరు మీద కాదు, బేరింగు హౌసింగు మీద, అంటే బేరింగును పట్టి ఉంచే గట్టి డొక్క మీద, గట్టిగా కూర్చోవాలి. 50 హెర్ట్జ్ తరంగాన్ని, అంటే సెకనుకు 50 సార్లు ఊగేదాన్ని, సెకనుకు 60 సార్లే కొలిస్తే లేని 10 హెర్ట్జ్ ఒకటి తెర మీదకు వస్తుంది, కాబట్టి శాంపిళ్లు వేగంగా తియ్యి. మోటారు ప్లేటు మీద నిమిషానికి 1440 చుట్లు అని ఉన్నా, లోడును బట్టి వేగం మారుతుంది. అందుకని గడియారాన్ని నమ్మకుండా షాఫ్టు మీద మెరిసే టేపు ముక్క అంటించి, చుట్టుకొక గుర్తు తీసుకుని, ఆ గుర్తుల దగ్గరే సిగ్నల్‌ను ముక్కలు చెయ్యి.

ఆ ముక్కలతో తర్వాత ఏం చేస్తావోనన్నదే నా అసలు బెంగ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పంపుహౌసులో, లెక్కల్లో దిట్ట అయిన ఇంజనీరు ఒకాయన ఉండేవారు. చుట్లన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీశారు. వంద చుట్ల సగటుతో రొద పదో వంతుకు తగ్గుతుంది, అది నిజమే. గీత నున్నగా వచ్చింది. బరువు ఒక పక్కకు ఉంటే చుట్టుకొకసారి వచ్చే ఊపు, అలైన్‌మెంటు తప్పితే రెండుసార్లు వచ్చే ఊపు, నీళ్లు నెట్టే ఇంపెల్లర్‌కు రెక్కలెన్నో అన్నిసార్లు వచ్చే ఊపు, అన్నీ కనబడ్డాయి, అన్నీ హద్దులోనే ఉన్నాయి. బేరింగు భేషుగ్గా ఉందని రిపోర్టు రాసేశారు. పక్కనే ముసలి ఫిట్టరు స్క్రూడ్రైవరు మొన హౌసింగుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "లోపల టిక్కుటిక్కుమంటోంది సార్" అన్నాడు. ఆయన తెర చూపించారు. ఆ ఫిట్టరు రోజూ తన జొన్నరొట్టెలో సగం తుంచి నాకు పెట్టేవాడు. పని నేర్పిందీ అతనే. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీయలేదు. కొన్నాళ్లకే బేరింగు పట్టేసింది. విప్పి చూస్తే షాఫ్టు వేడికి నీలం తిరిగి ఉంది.

బేరింగు దెబ్బలు చుట్టుతో కలిసి నడవవు, తల్లీ. తొమ్మిది గోళీలుండే 6205 నంబరు బేరింగే తీసుకో. బయటి రింగు మీద గాటు పడితే చుట్టుకు సుమారు 3.58 దెబ్బలు. ఈ చుట్టులో ఒకచోట, వచ్చే చుట్టులో మరోచోట పడతాయి. పేర్చి సగటు తీస్తే చెరిగిపోతాయి. రొద అనుకుని ఆయన తుడిచేసింది ఫిట్టరు విన్న శబ్దాన్నే.

సగటు తియ్యి, వద్దనను. దాన్ని అసలు సిగ్నల్‌లోంచి తీసివేసి, మిగిలినదాన్ని వేరే ఫైలులో దాచు. అందులో పై పౌనఃపున్యాల్లో గింగురుమనేదాన్ని వడకట్టి, దాని పైఅంచు గీసి, ఆ అంచు సెకనుకు ఎన్నిసార్లు లేస్తోందో చూడు. బయటి రింగు మీద గాటు ఉంటే, 1440 వేగంలో, అంటే సెకనుకు 24 చుట్లలో, 86కు అటూ ఇటూ రావాలి. గోళీలు కాస్త జారుతాయి కనుక సరిగ్గా అంతే రావాలని పట్టుబట్టకు.

కొత్త బేరింగు వేసిన రోజే ఒక రికార్డింగు తీసి ఉంచుకో. వానాకాలం వడ్లు రావడం మొదలైతే యజమాని మిల్లు ఆపనివ్వడు. సద్దుల బతుకమ్మకు హనుమకొండ వస్తావు కదా, సగటుదీ, మిగిలినదీ, ఫైళ్లు రెండూ తీసుకురా. అత్తయ్య కోప్పడినా సరే, ఒక పూట కూర్చుని విందాం.

మామయ్య