స్కిప్పర్ల పేర్లు తేల్చబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

మ్యూజియం పెట్టెల్లోని స్కిప్పర్ సీతాకోకచిలుకలను పాత వర్ణనలతో పోల్చి పేర్లు తేల్చే పని ఒప్పుకున్నావని అన్నయ్య ఫోనులో చెప్పాడు. ఎంత పొంగిపోయానో అంత దిగులూ పడ్డాను. అన్నీ గోధుమరంగువే, అన్నిటికీ చుక్కలే!

మీసాల చివర కొక్కెం, లావుపాటి ఒళ్లు, ఈ స్కిప్పర్ గుర్తులు నీకు చెప్పక్కర్లేదు. పురుగులకు పేర్లు పెట్టిన పాతకాలపు శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1793 నాటి పుస్తకంలో 'హెస్పీరియా' అనే ప్రజాతి పేరు కనబడగానే స్కిప్పర్ అనుకోకు. ఇప్పుడు మనం నీలాలు అనే సీతాకోకచిలుకలనూ ఆయన అందులోనే 'రూరాలెస్' అనే గుంపు కింద పెట్టాడు. నీకు కావలసిన స్కిప్పర్లు 'ఉర్బికోలే' అనే గుంపు కింద ఉంటాయి.

1798లో ఆయన 'మాథియాస్' అనే స్కిప్పర్‌కు పేరు పెట్టి, లాటిన్‌లో కొద్ది మాటల వర్ణన రాసి, దొరికిన ఊరు తమిళనాడులోని తరంగంబాడి అన్నాడు. అప్పటికి తెలిసిన స్కిప్పర్లు తక్కువ, ఆ మాటలు చాలాయి. 1866లో మూర్ 'అగ్నా' అనే స్కిప్పర్‌కూ, వాలెస్ 'సిన్నారా' అనే మరో స్కిప్పర్‌కూ పేర్లు పెట్టాక అవే మాటలు వీటికీ అతుకుతాయి. అందుకే వర్ణన చదివి ఆగిపోకు. ఫాబ్రీషియస్ చేతిలో ఉన్న నమూనా ఏది, ఎక్కడిది అని అడుగు.

మా రోజుల్లో నాతో పనిచేసిన ఒకాయన, చాలా తెలివైనవాడు, ఒక వరసంతా సిన్నారా అని తేల్చేశాడు. మాథియాస్ మగదానికి ముందు రెక్క పైన ఏటవాలుగా సన్నని బూడిదరంగు గీత ఉంటుంది. వెలుతురుకు వంచి చూస్తే తళుక్కుమంటుంది. వీటికి అది లేదు కాబట్టి సిన్నారా అన్నాడు. ఆడవాటికి ఆ గీత ఉండదు కదా తల్లీ! వెనుక రెక్క అడుగున, సెల్ (రెక్క మొదట్లో ఈనెల మధ్య ఉండే గది) మధ్యలో చిన్న తెల్ల చుక్క ఉందేమో చూసినా సరిపోయేది. మాథియాస్‌కు ఉంటుంది, సిన్నారాకు ఉండదు. అంతటితో పోలేదు. పాత లేబుళ్లు మాసిపోయాయని తీసి పారేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో కొత్తవి గుచ్చాడు. తప్పు బయటపడేసరికి ఏది ఏ ఊరిదో చెప్పేవాళ్లే లేరు. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

లేబులు చిరిగినా, చెద తిన్నా, చదవడానికి రాకపోయినా ఆ పిన్నుకే ఉండనియ్యి. నీ అభిప్రాయం వేరే కాగితం మీద రాసి దాని కిందనే గుచ్చు. వింటున్నావా?

రెక్కలతో తేలకపోతే జననాంగాలు చూడక తప్పదు. స్కిప్పర్ల మీద ఇవాన్స్ రాసిన 1949 నాటి క్యాటలాగు పక్కన పెట్టుకో. జననాంగాలు బయటపడేలా పొట్ట భాగాన్ని కాస్టిక్ పొటాష్ అనే ఘాటైన క్షారంలో వేసేటప్పుడు చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు మరవకు. చిన్నప్పుడు సున్నం కంట్లో పడి నువ్వు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ముందు మగవాటిని వేరు చేసి, గీతలు కొలిచి, ఆ పట్టిక నాకు పంపు. పేర్లు తరవాత రాద్దాం.

నీ అత్తయ్య