గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఎందుకు ట్రిప్ అవుతుంది?

చాలాసార్లు కారణం గీజర్ లోపల నీళ్లు వేడి చేసే ఎలిమెంట్ పాడై కరెంటు ఎర్త్‌లోకి లీకవడమే. ఎలిమెంట్ గొట్టంలో తీగ చుట్టూ తెల్లటి పొడి ఉంటుంది. గొట్టం చిట్లితే ఆ పొడి తడిసి కరెంటును బయటికి వదిలేస్తుంది. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ ట్రిప్ అవడానికి మామూలుగా 30 మిల్లీ ఆంపియర్ల లీకు చాలు.

హనుమకొండలో బోరు నీళ్లు వాడే ఇల్లే తీసుకోండి. ఎలిమెంట్ మీద సున్నంలా పెచ్చు కడుతుంది, వేడి బయటికి పోక గొట్టం పగులుతుంది. మెయిన్ ఆపి, ఎలిమెంట్ వైర్లు రెండూ ఊడదీసి టేపు చుట్టి మళ్లీ వేస్తే ట్రిప్ కాలేదా, తప్పు దానిదే (ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి).

పెద్ద ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎంసీబీ చూసేది లోడు, షార్ట్ సర్క్యూట్. ఇంత చిన్న లీకు దానికి తెలియదు. ఎర్త్ వైరు పీకేయడం మాత్రం అసలు వద్దు: ట్రిప్ ఆగినా, ట్యాంకు ముట్టుకుంటే షాక్ కొడుతుంది.