కొడుకు నవ్వాడని నోటుబుక్కు దాచేశాను

ప్రశ్న: నా వయసు 48. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. నిరుడు అమ్మ పోయింది. అప్పట్నుంచి రాత్రి వంటిల్లు సర్దుకున్నాక, అమ్మాయి పాత నోటుబుక్కుల్లో మిగిలిన పేజీల్లో ఏదో ఒకటి రాసుకునేదాన్ని. రాస్తున్నంతసేపూ హాయిగా ఉండేది. మొన్న పండక్కి చుట్టాలంతా ఉండగా, బీటెక్ చదివే మా అబ్బాయి ఆ పుస్తకం తీసి పైకి చదివాడు. ‘కళ్ళు’ అని రాయాల్సిన చోట ‘కల్లు’ అని రాశాను. అందరూ పగలబడి నవ్వారు. మావారూ నవ్వారు. పుస్తకం బియ్యం డబ్బా వెనక దాచేశాను. రాయాలని మనసు లాగుతోంది, పెన్ను పట్టుకుంటే ఆ నవ్వే వినిపిస్తోంది. ఈ వయసులో నాకిదంతా అవసరమా? ఒక పేజీ ఫొటో పంపుతున్నాను.
– ఒక సోదరి

సలహా: అమ్మా, ముందు మీ పేజీ సంగతి. అక్షరం ముక్క రాని మీ అమ్మగారు పాల లెక్క కోసం వంటింటి గోడ మీద రోజుకో బొగ్గు గీత గీసేవారని రాశారు. పెద్దకర్మ అయ్యాక మీ అన్నయ్య ఆ గోడకు సున్నం కొట్టించారట. దాని కింద ఒక్కటే వాక్యం: ‘ఆ నెల పాల లెక్క ఎవరికీ తేలలేదు.’ అది చదివి కాసేపు ఇంకో ఉత్తరం తియ్యలేకపోయాను. నేనెన్నడూ చూడని మీ అమ్మగారు బొగ్గుముక్క పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డట్టే ఉంది. ఆ పేజీలో తప్పులు నాలుగు కనిపించాయి. ఒక్కటీ అడ్డం రాలేదు.

ల, ళ దగ్గర తడబడేవాళ్ళు డిగ్రీలు చేసినవాళ్ళలోనూ బోలెడుమంది. అది ఎవరినైనా అడిగి దిద్దుకోవచ్చు. మిమ్మల్ని నొప్పించింది ఆ అక్షరం కాదు, మీలో మీరు చెప్పుకున్న మాట నలుగురి మధ్య పడటం. ఆ తప్పు మీది కాదు, అడక్కుండా పుస్తకం తీసిన మీ అబ్బాయిది. అతను ఒంటరిగా ఉన్నప్పుడు, కోపం లేకుండా చెప్పండి: ‘నాన్నా, అది అమ్మమ్మ గురించి రాసుకున్నది. నువ్వు నవ్వినందుకు కాదు, అడక్కుండా చదివినందుకు బాధపడ్డాను.’ బహుశా అతనికి ఆ సంగతి తట్టే ఉండదు. మీవారికీ, అది మీ అమ్మగారి గురించి రాసుకున్నదని, ఆ నవ్వు నొప్పించిందని చెప్పండి, సాగదీయొద్దు.

చదువు, వయసు అన్నారు. భండారు అచ్చమాంబ పేరు వినే ఉంటారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుకు చదువు చెబుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారావిడ. 1902లో ఆమె రాసిన ‘ధనత్రయోదశి’ని తెలుగు తొలి కథల్లో ఒకటిగా చెప్పుకుంటాం. మీరు కథలు రాయాలని కాదు, అచ్చు వేయించాలనీ కాదు. మీకోసం మీరు రాసుకోవడానికి ఎవరి అనుమతీ, ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదని.

ఆ హాయి కూడా మీ భ్రమ కాదు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మానసిక శాస్త్రవేత్త 1980ల్లో కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజూ 15 నిమిషాలు, మనసులో ముల్లులా ఉన్న సంగతులు రాయించారు. అక్షరదోషాలు పట్టించుకోవద్దన్నది ఈ పద్ధతిలో మొదట్నుంచీ చెప్పే మాట. పైపై విషయాలు రాసినవాళ్ళకంటే వీళ్ళు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. అయితే రాసిన వెంటనే కొందరికి మనసు బరువెక్కింది. మీకూ ఏదో ఒక రాత్రి ఏడుపు రావచ్చు, కంగారుపడకండి. ఆ రోజుకి ఆపేసి పడుకోండి. వారాల తరబడి నిద్ర, తిండి లేకుండా పోతే మాత్రం డాక్టర్‌ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

ఇక అమ్మాయి మిగిల్చిన పేజీలు వద్దు. మీకంటూ ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కోండి, బీరువాలో మీ చీరల కింద పెట్టుకోండి. రాసిన రాత్రే తిరగేసి చదవకండి, నవ్విన గొంతులు అప్పుడే గుర్తొస్తాయి. ఎంత నచ్చకపోయినా చింపకండి.

బియ్యం డబ్బా వెనక పుస్తకాన్ని ఇవాళే బయటికి తీయండి. పాల లెక్క దగ్గర నాకింకా తెలుసుకోవాలని ఉంది. పాలు పోసేది ఎవరు? పాలు రాని రోజున అమ్మగారు గోడ మీద ఏం గీసేవారు? ఈ రాత్రికి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.