అల్లుడికి: ఎండాకాలం టీ గురించి, కొట్టు ముందు కుండ గురించి

అల్లుడూ,

ఉగాదికి ఖమ్మంలో టీ కొట్టు పెట్టావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నీకు రాద్దామనే అనుకుంటున్నా. నిన్న ఫోన్‌లో "మామయ్యా, ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం ఒక్కరూ రావట్లేదు, టెన్షన్‌గా ఉంది, అయినా కొట్టు పేరు మీద నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చెయ్యాలని ఉంది" అన్నావు చూడు, అది విన్నాక ఇక ఆగబుద్ధి కాలేదు. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ముప్పై రెండేళ్ళు టీ కాచాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను, దాచుకుని చదువుకో.

ముందు బేరం సంగతి. ఎండాకాలం టీ తాగరనేది ఉత్త మాట. తాగుతారు, వేళలు మారతాయంతే. నువ్వు పొద్దున ఏడింటికి తెరిస్తే అప్పటికే సగం బేరం అయిపోయి ఉంటుంది. మార్కెట్ ముఠా వాళ్ళు, పాలవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు తెల్లవారుజాము నాలుగు నుంచే టీ కోసం చూస్తుంటారు. పన్నెండు నుంచి నాలుగు దాకా స్టవ్వు ఆపెయ్, గ్యాసు దండగ. సాయంత్రం నీడ దిగాక మళ్ళీ వస్తారు, అప్పుడు రాత్రి తొమ్మిది దాకా లాగొచ్చు. పాలు మాత్రం జాగ్రత్త. మే నెలలో ఉదయం కాచిన పాలు అలా వదిలేస్తే మధ్యాహ్నానికి విరిగిపోతాయి, కాబట్టి అన్నీ ఒకేసారి కాచకు, ఫ్రిజ్‌లోంచి కావలసినన్నే తీస్తూ ఉండు. కాచిన డికాషన్‌నే మళ్ళీ మళ్ళీ మరిగించేవాళ్ళున్నారు, అది వగరెక్కి నాలుకకి పట్టుకుంటుంది, ఆ కప్పు తాగినవాడు మళ్ళీ రాడు.

ఈ రెండు నెలలూ అల్లం తగ్గించు. వేడి చేస్తుందని జనం అంటారు, వాళ్ళతో వాదన ఎందుకు, యాలకులు కొంచెం ఎక్కువ వెయ్. సాయంత్రాలు నిమ్మ టీ పెట్టు, బాగా పోతుంది. అయితే నిమ్మకాయ స్టవ్వు మీద ఉండగా పిండకు, చేదొస్తుంది. డికాషన్ గ్లాసులో పోసి, చక్కెర కలిపి, చివర్లో నాలుగు చుక్కలు పిండి చూడు, నల్లగా ఎర్రగా ఉన్న రంగు కళ్ళ ముందే తేనె రంగుకి మారిపోతుంది. నాకు ఇప్పటికీ అది చూడటం ఇష్టం. పొదీనా ఆకు రెండు వేస్తే ఇంకా బాగుంటుంది. పాలగిన్నె దగ్గరకి మాత్రం నిమ్మకాయ పట్టిన గరిటె రానివ్వకు.

ఇంత ఎండలో వేడి టీ ఏంటని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో కూడా తెలుసుకో. వేడిది తాగితే ఒళ్ళు చెమట పడుతుంది, ఆ చెమట ఆరితే చల్లబడతాం, అదే అందులో ఉన్న కిటుకు. మీ ఖమ్మంలో గాలి పొడిగా ఉన్న రోజున నీడలో కూర్చుని నిదానంగా తాగితే నిజంగానే హాయిగా ఉంటుంది. మా విజయవాడ ఉక్కలో చెమట కారడమే తప్ప ఆరదు, అందుకే ఇక్కడ మేలో మధ్యాహ్నం టీ అంటే నాకే చిరాకు. ఎవరికిచ్చినా టీకి ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వు, అడగకముందే ఇవ్వు. దాహానికి టీ ఒక్కటే చాలదు, నీళ్ళు కావాలి. గ్లాసు నీళ్ళు తాగాక తాగే టీకి రుచి కూడా వేరే. భోజనం చేసిన వెంటనే తాగేవాళ్ళకి, ముఖ్యంగా రక్తం తక్కువున్న ఆడవాళ్ళకి, ఒక గంట ఆగమని చెప్పు. అన్నంలో ఉన్న ఐరన్‌ని టీ ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు.

ఇంకోటి, ఇది మర్చిపోకు. ఎండన పడి తూలుతూ వచ్చిన మనిషికి టీ ఇవ్వకు. నీడన కూర్చోబెట్టు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలువు. మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసురుతూ ఉండు. టీ కొట్టు రోడ్డు మీద ఉంటుంది కదా, ముందు మన దగ్గరికే వస్తారు.

ఇక నువ్వడిగిన రెండో సంగతి. నేను చేసిన తప్పు చెబుతాను. కొట్టు పెట్టిన మూడో ఏడు శ్రీరామనవమికి పందిరి వేసి, మైకు పెట్టి, పానకం, వడపప్పు, విసనకర్రలు పంచి, ఆ రోజే కొట్టు పక్కన పది కుండలతో చలివేంద్రం తెరిచాను. పేరు రాసిన గుడ్డ కూడా కట్టాను. మొదటి వారం చల్లటి మజ్జిగ, రెండో వారం నీళ్ళు, మే రెండో వారానికి చేతిలో డబ్బులు అయిపోయాయి. నీళ్ళ బండికి ఇవ్వడానికి లేక కుండలు అలాగే వదిలేశాను. ఓ మధ్యాహ్నం ఒక రిక్షా ఆయన, బాగా పెద్దాయన, బండి ఆపి దిగి వచ్చి మొదటి కుండ మూత తీశాడు. గరిటె లోపలికి పెట్టాడు, అడుక్కి తగిలి టక్కుమంది. రెండో కుండ, మూడో కుండ, అలా పదీ చూసి, ప్రతి మూతా మళ్ళీ సరిగ్గా పెట్టేసి, ఏమీ అనకుండా బండి తొక్కుకుంటూ పోయాడు. నేను లోపల్నుంచి చూస్తూనే ఉన్నా, లేచి ఒక గ్లాసు నీళ్ళివ్వాలని నాకు తట్టేసరికి ఆయన సందు తిరిగిపోయాడు. అసలు కుండలే లేకపోతే ఆయన ముందు బోరింగు దగ్గరికి వెళ్ళుండేవాడు. ఉన్నాయని నమ్మి ఎండలో ఆగాడు.

అందుకని చెబుతున్నా, పది కుండలొద్దు, రెండు చాలు. వానలు పడేదాకా అవి ఎండకూడదు. లెక్క ఇలా పెట్టుకో, ఇరవై టీలకి ఒక టీ డబ్బు ఏ రోజుకారోజు గల్లాపెట్టెలోంచి తీసి వేరే డబ్బాలో వెయ్. పది రూపాయల టీలు రోజుకి మూడొందల కప్పులు అమ్ముతావనుకో, నూట యాభై రూపాయలవుతుంది. నీళ్ళకీ, లీటరు పెరుగుకీ, కరివేపాకు, ఉప్పుకీ సరిపోతుంది. బేరం తగ్గిన రోజు డబ్బాలో తక్కువ పడుతుంది, ఆ రోజు మజ్జిగ ఆపు, నీళ్ళు ఆపకు. నెలాఖరుకి మిగిలితే ఇద్దాం అనుకుంటే ఏ నెలా మిగలదు, ఈ వ్యాపారం నాకు తెలుసు.

ఒడిశాలో కటక్‌లో దేవరపల్లి ప్రకాశరావు గారని ఒకాయన ఉండేవాడు, ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది మన తెలుగు మూలం. చిన్నప్పటి నుంచీ టీ కొట్టే. బక్సీబజార్‌లో టీ అమ్ముతూ 2000లో మురికివాడ పిల్లల కోసం 'ఆశా ఓ ఆశ్వాసన' అని బడి పెట్టాడు. టీ మీద వచ్చిన దాంట్లో సగం దాకా ఆ బడికే ఖర్చుపెట్టేవాడు, పైగా రెండు వందలకు పైగా సార్లు రక్తం ఇచ్చాడు. 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2021 జనవరిలో పోయాడు. నాకు పద్మశ్రీ కంటే ఆ రెండు దశాబ్దాలే పెద్దవిగా కనిపిస్తాయి. పొద్దున టీ కాచడం, తర్వాత పిల్లల దగ్గరికి పోవడం, మర్నాడు మళ్ళీ అదే. నువ్వు బడి పెట్టాలని నేననట్లేదు. ఆ మనిషి రోజు తప్పకుండా చేసిన తీరు చూడమంటున్నా.

డబ్బుల్లేనివాడికి టీ ఇచ్చేటప్పుడు ఒక పని చెయ్. మా కొట్టుకి బట్టల షాపు ఆయన ఒకాయన వచ్చేవాడు, తను తాగింది ఒకటైతే రెండింటికి డబ్బులిచ్చి పోయేవాడు. నేను గల్లాపెట్టె పక్కన ఒక గాజు గ్లాసు పెట్టి, అలా వచ్చిన ప్రతి టీకి ఒక చింతపిక్క వేసేవాణ్ణి. లేనివాడు వచ్చి నిలబడితే ఒక పిక్క తీసి, అందరికిచ్చే గ్లాసులోనే, అందరికిచ్చే కొలతే ఇచ్చేవాణ్ణి. ఆయన తాగుతుంటే ఫోటో తియ్యకు, ఇది ఫలానా వాళ్ళిచ్చారని చెప్పకు, పక్కవాళ్ళకి వినపడేలా "డబ్బులొద్దులే" అని కూడా అనకు. "తర్వాత చూద్దాంలే" అంటే చాలు. పిక్కలు అయిపోయిన రోజు మన డబ్బాలోంచే వెయ్.

కుండల గురించి. కొత్తవి తెచ్చి ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టు. రంగు వేసినవి, నిగనిగలాడేవి వద్దు, వాటికి ఊట ఉండదు. కుండ బయటికి చెమర్చి, ఆ తడి గాలికి ఆరితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. మనిషి ఒంటికీ కుండకీ ఒకటే సూత్రం. అందుకే మీ ఊళ్ళో కుండ నీళ్ళు మా ఊరి కంటే చల్లగా ఉంటాయి. కుండ కింద ఇసుక పోసి తడుపుతూ ఉండు, చుట్టూ తడి గోనెసంచి చుట్టు, గాలి తగిలే నీడలో పెట్టు. సబ్బు పెట్టి కడగకు, మట్టి పీల్చుకుని నీళ్ళు వాసనేస్తాయి. కొబ్బరి పీచు, వేణ్ణీళ్ళు చాలు, రోజూ రాత్రి కడిగి బోర్లించు. వట్టివేళ్ళు చిన్న గుడ్డలో కట్టి వేస్తే నీళ్ళకి మంచి వాసన వస్తుంది, మూడు రోజులకోసారి మార్చు. పొడుగు కాడ గరిటె ఒకటి కుండకి తాడుతో కట్టు, ఎవరూ గ్లాసు ముంచకుండా.

మీ అత్తయ్య నీ కోసం రెండు పాత స్టీలు గరిటెలు తీసి పెట్టింది. రోహిణీ కార్తె రాకముందే, మే ఇరవై ప్రాంతంలో, పొద్దున్నే బస్సెక్కి వస్తాను. ఇసుక ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఉంచు, కుండలు మాత్రం నేను వచ్చాకే కొందాం, కొట్టి చూసి తీసుకోవాలి, ఖంగుమనాలి.

మీ మామయ్య