క్యాచీ రోజూ తుడిచెయ్యాలా?

ప్రశ్న: లాప్‌టాప్‌లో క్రోమ్ బాగా స్లో అయిపోయిందండి, 4 జీబీ ర్యామ్. అదే వైఫైతో ఫోన్‌లో పేజీలు బానే వస్తున్నాయి. రోజూ క్యాచీ క్లియర్ చేస్తున్నా లాభం లేదు. ఏం మార్చాలి? (పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ముందు ఆ రోజూ క్లియర్ చేయడం ఆపేయండమ్మా, ఒకసారి దించుకున్న బొమ్మలూ ఫైళ్లూ దాచుకునేదే క్యాచీ, అది తుడిచేస్తే అన్నీ మళ్లీ మొదట్నుంచీ దించుకోవాలి, ఇంకా లేటవుద్ది. ఫోన్‌లో బానే వస్తోందంటే నా అనుమానం నెట్ మీద కాదు, లాప్‌టాప్ మెమరీ, అంటే ర్యామ్ మీదే. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (క్రోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటోందో వరసగా కనపడుద్ది. కూపన్లకని ఎప్పుడో పెట్టుకుని వదిలేసిన ఎక్స్‌టెన్షన్లు ఉంటే తీసెయ్యండి, అసలు బరువు చాలాసార్లు అక్కడే ఉంటది. తర్వాత సెట్టింగ్స్, పర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేయండి, వాడకుండా వదిలేసిన ట్యాబ్‌ల మెమరీ అదే ఖాళీ చేసుద్ది.